బట్టీ విడిచి వెళ్ళిన బ్రదర్



పాత దేవాలయాలలో రంగుటద్దాల కిటికీలు మీరు చూసే ఉంటారు. ఉదయపు పూజవేళ ఎండ వాటిగుండా దిగి నేలమీద ఎర్రగా, నీలంగా పడుతుంది. పిల్లలు ప్రసంగం వినడం మాని దానినే చూస్తుంటారు. (వారిని కోప్పడకండి.) అలాంటి కిటికీలు చేసేవారు తమ పాలకునిగా ఎంచుకొన్న ధన్య జేమ్స్ గారి సంగతి ఈ వారం చెప్పుకొందాం.

ఆయన 1407లో జర్మనీలోని ఊల్మ్ పట్టణంలో పుట్టారు. పాతికేళ్ళ వయసులో రోమునగరానికి యాత్రగా వెళ్ళారు. చేతిలో డబ్బు అయిపోగా నేపుల్స్‌లో సైన్యంలో చేరారు. తోటి సైనికుల నడవడి చూసి మనసు విరిగి అది మానుకొన్నారు. తరువాత బొలోనియా వచ్చి, పునీత దోమినిక్ వారి సమాధి దగ్గర ప్రార్థించి, 1441లో అక్కడి దోమినికన్ మఠంలోనే బ్రదర్‌గా చేరారు. గురుపట్టం లేదు, పెద్ద చదువు లేదు. చేతిలో ఉన్న విద్య గాజుమీద బొమ్మలు వేయడం.

ఆ పని ఎలాంటిదో కొంచెం వినండి. ఇనుము లేక రాగి భస్మాన్ని మెత్తని గాజుపొడితో కలిపి నూరి, ఆ నల్లని రంగుతో ముఖాలు, వస్త్రాల మడతలు గీస్తారు. 600 డిగ్రీలకు పైబడిన వేడిలో కాలిస్తే గీత కరిగి గాజుకు అంటుకుపోతుంది. వేడి చాలకపోతే రంగు రాలిపోతుంది. ఎక్కువైతే గాజు వంగిపోతుంది. త్వరగా చల్లారితే పగులుతుంది. వేడిని కొలిచే సాధనం లేని రోజులవి. మంట రంగు చూసి తెలుసుకోవలసిందే. బట్టీ మండుతుండగా పక్కకు కదిలితే ఎన్నో రోజుల శ్రమ బూడిదపాలే.

సరిగ్గా అలాంటి వేళ మఠాధిపతి ఆయనను భిక్షకు వెళ్ళి రమ్మన్నారని దోమినికన్ సభలో చెప్పుకొంటారు. ఆయన మారుమాట లేకుండా జోలె తీసుకొని వెళ్ళారట. తిరిగి వచ్చేసరికి గాజు చక్కగా కాలి ఉందట. మీరైతే వెళ్ళేవారా? నేనైతే ఒక్క గంట గడువు అడిగేవాణ్ణి. ఆ మఠాధిపతికి గాజుపని తెలియదేమోనని కూడా అనుకొనేవాణ్ణి. గాజు బాగా వచ్చిన సంగతి మనకు తెలుసు గాని, గడప దాటేటప్పుడు ఆయనకు తెలియదు. నన్ను ఆపేది అక్కడే.

ఇంకొక కథ కూడా ఉంది. ఆయన అంగీ వెండిగుండీ గాజుమీద పడి కాలగా బంగారు పసుపురంగు వచ్చిందనీ, ఆ రంగును కనిపెట్టినది ఆయనేననీ అంటారు. ఇది నిజం కాదు. వెండితో పసుపు వేయడం 1300 నాటికే ఫ్రాన్సులో తెలుసు. ఆయన గొప్పదనానికి ఈ గుండీ అక్కరలేదు.

మఠంలో ఏభై యేళ్ళు అదే పని చేశారు. శిష్యుడైన సోన్చినో ఊరి అంబ్రోజీనోకు పని నేర్పారు. గురువు జీవితచరిత్ర వ్రాసిపెట్టినది ఆ శిష్యుడే. 1491 అక్టోబరు 11న కన్నుమూశారు. 1825లో పన్నెండవ లియో పోపుగారు ధన్యునిగా ప్రకటించారు. బొలోనియాలోని పునీత పెత్రోనియో దేవాలయంలో ఆయన చేసిన గాజు కిటికీలు నేటికీ ఉన్నాయి.