రాదు వేరు, తగదు వేరు

చేవెళ్ల దగ్గర మా ఊళ్లో నా చిన్నతనంలో సత్యహరిశ్చంద్ర నాటకం ఆడేవారు. పందిరి ముందు ఊరి పెద్దలు మంచాలు వేసుకుని కూర్చునేవారు. మా వాడవాళ్లం వెనక చీకట్లో, నేలమీద కూర్చునేవాళ్లం. తెల్లవారుజామున కాటిసీను వచ్చేసరికి కునుకు తీస్తున్నవాళ్లు కూడా లేచేవారు. హరిశ్చంద్ర వేషధారి హార్మోనియం శ్రుతి అందుకుని శ్మశానం మీద పద్యాలు రాగం తీస్తుంటే ముందు వరుసల నుంచి వన్స్‌మోర్ కేకలు వినిపించేవి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసినదని, అందులో కలిపి పాడే ఆ శ్మశాన పద్యాలు గుర్రం జాషువావని డిగ్రీకి వచ్చాక గాని నాకు తెలియలేదు. మమ్మల్ని చీకట్లో కూర్చోబెట్టిన ఊరు మాలాంటి ఇంట్లో పుట్టిన కవి పద్యాన్ని మళ్లీ మళ్లీ పాడించుకుని విన్నది.

ఈ మధ్య ఆ రాత్రులు మళ్లీ గుర్తుకొచ్చాయి. మొయినాబాద్ వైపు ఊరి నుంచి బస్సులో వచ్చి చదువుకునే ఒక అమ్మాయి తెలుగు సాహిత్యం వదిలేసి వేరే కోర్సులో చేరదామనుకుంటున్నానని నా దగ్గరకు వచ్చింది. ఛందస్సు అంతుపట్టడం లేదు. పద్యం చదివితే మహాప్రాణాలు పలకడం లేదని తరగతిలో నవ్వుతున్నారు. ఇంట్లో ఎవరూ పుస్తకం పట్టినవాళ్లు లేరు. తనకు తగని చదువులో ఇంకా కొనసాగాలా, మానుకోవాలా అన్నది ఆమె ప్రశ్న. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా పందొమ్మిదో ఏట ఇదే ప్రశ్న నాకూ ఎదురైంది. ఒక కళాశాలలో నేను రాసుకున్న పద్యం చదివితే గణాల్లో తప్పు ఎక్కడుందో చెప్పాల్సిన అధ్యాపకుడు నా ఊరూ వాడా అడిగి నవ్వి ఊరుకున్నారు. ఆ తర్వాత నేను పద్యం రాయలేదు. నాకు పద్యం నిజంగా రాదో, తగదన్నారు గనుక వదిలేశానో ఇప్పటికీ తేల్చుకోలేను. అందుకే ఆ అమ్మాయికి నా కథ కాకుండా జాషువా జీవితం చెప్పాను.

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ. కులాంతరంగా కలిసిన ఆ దంపతులు క్రైస్తవులు. ఆ బాలుడికి పైకులాల వీధిలో గాని, తండ్రి బంధువుల ఇళ్లలో గాని చోటు దొరకలేదు. బడిలోనూ అంటరానితనం వెంటాడింది. అటువంటి పిల్లవాడు ఎంచుకున్నది వృత్తపద్యం. అంటే సంస్కృతం రావాలి, కావ్యాలు చదవాలి, గురువు ఉండాలి, పదిమంది పండితులు కూర్చునే సభలో నిలబడి వినిపించాలి. ఈ నాలుగింటిలో ఒక్కటీ ఆయనకు పుట్టుకతో అందినది కాదు. ఆ కాలపు లెక్కలో ఆ పనికి ఆయనకంటే తగనివాడు లేడు.

వినుకొండలో ఒక అవధాన సభలో యువకుడైన జాషువా పద్యాలు చదివారు. తక్కువ కులంవాణ్ని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేసి అవమానించారు. పద్యంలో యతి తప్పిందని గాని, భావం పేలవంగా ఉందని గాని వారు అనలేదు. అసలు విచారణ పద్యం దాకా రానేలేదు, మనిషి దగ్గరే ఆగిపోయింది. దెబ్బ రెండో వైపు నుంచి కూడా తగిలింది. హిందూ పురాణాలు, కావ్యాలు చదివి పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ మతపెద్దలు ఆగ్రహించి ఆ కుటుంబాన్ని సంఘం నుంచి వెలివేశారు. ఒకరికి ఆయన కులం అడ్డు, మరొకరికి ఆయన చదువు అడ్డు.

అయితే జాషువా కేవలం రోషంతో కొనసాగలేదు. తనకు రానిదేమిటో గుర్తించి నేర్చుకున్నారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. బ్రాహ్మణ పండితుడు దళిత యువకుడికి కాళిదాసును పాఠం చెప్పడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. మిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి తోడు ఉంది. తర్వాత ఉభయభాషా ప్రవీణ పట్టా కూడా అందుకున్నారు. తలుపు మూసినవాళ్లు ఎందరో ఉన్నా, తెరిచినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉన్నారన్నది ఈ కథలో మరచిపోకూడని భాగం.

ఆయన చేసి విడిచిన పనులు కూడా తక్కువేమీ కాదు. మొదట బడిపంతులు. ఆ ఉద్యోగం నిలవక రాజమండ్రి వెళ్లి మూకీ సినిమాల కథను, సంభాషణలను తెరపక్క నిలబడి ప్రేక్షకులకు వినిపించారు. తర్వాత గుంటూరులో లూథరన్ సంఘం నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేశారు, తెలుగు పండితుడయ్యారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడిగా ఉన్నారు. అరవై దాటాక మద్రాసు ఆకాశవాణిలో కొలువు చేశారు. బతుకు కోసం పట్టిన పనులను అవసరం తీరినప్పుడో, ఇక సాగనప్పుడో వదిలేశారు. వదలనిది పద్యం ఒక్కటే. ఏది వదలాలో, ఏది వదలకూడదో ఎలా తేల్చుకున్నారన్నదానికి ఆయన పుస్తకాలే జవాబు.

1932లో వచ్చిన ఫిరదౌసి పారశీక మహాకవి కథ. పద్యానికి ఒక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను మాట తప్పితే ఏళ్ల శ్రమ వృథా అయిన కవి వేదన అది. ప్రతిభకు దక్కాల్సినది అధికారం ఎగ్గొట్టడం ఎలా ఉంటుందో జాషువాకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. ఆ బాధను వెయ్యేళ్ల నాటి పరాయి దేశపు కవిలో చూడగలిగారు. 1941లో గబ్బిలం వచ్చింది. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపాడు. జాషువా కథానాయకుడు దక్షిణాదిన ఆకలితో బతికే దళితుడు. అతడు కబురు పంపేది కాశీలోని శివుడికి. దూత గబ్బిలం, ఎందుకంటే మనిషికి ప్రవేశం లేని గుడిలోకి అది నిరాటంకంగా వెళ్లగలదు, దేవుడి చెవి దగ్గరే వేలాడగలదు. మేఘసందేశాన్ని క్షుణ్ణంగా చదవనివాడు ఈ కావ్యం రాయలేడు. మేఘసందేశం మాత్రమే చదివినవాడు కూడా రాయలేడు. ఆయన చెప్పదలచుకున్నది పద్యంలోనే చెప్పాలి, ఎందుకంటే ఆయన అడగదలచుకున్నవాళ్లు పద్యాన్ని కాదనలేరు. పట్టు వదలకపోవడానికి అంతకంటే బలమైన కారణం ఉండదు.

ఆ తర్వాత గౌరవాలు వరుసగా వచ్చాయి. తిరుపతి వేంకటకవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో శాసనమండలి సభ్యుడయ్యారు. అదే ఏడాది క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. ఈ జాబితా చూసి కథ సుఖాంతమైందనుకుంటే పొరపాటే. గండపెండేరం ఒక మనిషి కాలికి పడింది, ఆయన పుట్టిన వాడలోని మిగతా కాళ్లు గుడి బయటే ఉండిపోయాయి.

పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమని నేను ఆ అమ్మాయికి చెప్పలేదు. జాషువా జీవితం కూడా ఆ మాట చెప్పదు. మనకు రెండు మాటలు వినబడతాయి. ఒకటి రాదు, రెండోది తగదు. రాదు అన్నది మన పని గురించిన మాట. దాన్ని లెక్కగట్టవచ్చు, ఫలానా చోట గణం తప్పిందని వేలుపెట్టి చూపవచ్చు, నేర్పవచ్చు. తగదు అన్నది మన పుట్టుక గురించిన మాట. దానికి దిద్దుబాటు లేదు, ఎందుకంటే అక్కడ తప్పే లేదు. కులవ్యవస్థ నేర్పరితనమంతా రెండోదాన్ని మొదటిదానిలా వినిపించడంలోనే ఉంది. కొన్నాళ్లు విన్నాక మన నోటితో మనమే ఆ మాట అనుకుంటాం, నేను అనుకున్నట్టు. కాబట్టి మానుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోమన్నాను. అంటున్నది రాదనా, తగదనా? రాకపోతే నేర్పేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా? నేను చెప్పదలచుకున్నదానికి ఈ విద్య నిజంగా అవసరమా? మూడోదానికి కాదు అన్న జవాబు వస్తే వదిలేయడంలో అవమానం లేదు. జాషువా కూడా ఎన్నో వదిలేశారు.

మిగిలిన బాధ్యత మాది, అంటే పాఠం చెప్పేవాళ్లది. తొలితరం పిల్లలు మా తరగతికి వచ్చినప్పుడు మేము హనుమచ్ఛాస్త్రిలా ఉంటామా, వినుకొండ సభలా ఉంటామా అన్నది ప్రతి పీరియడ్‌లోనూ తేలుతుంది. తప్పును తప్పుగా దిద్దడం కూడా ఆ పిల్లలకు మనం ఇవ్వాల్సిన గౌరవమే. జాలితో మార్కులు వేయడమూ, నవ్వి ఊరుకోవడమూ వాళ్ల పనిని పట్టించుకోకపోవడమే.

వారం తర్వాత ఆ అమ్మాయి నోటుపుస్తకంతో వచ్చింది. ఏడు పద్యాలకు గణవిభజన చేసింది. మూడు తప్పులు. కోర్సు మారే విషయం ఇంకా తేల్చుకోలేదట. నేను కుర్చీ జరిపి పక్కన కూర్చోమని, మొదటి తప్పు దగ్గర పెన్సిలు పెట్టాను.