క్రిస్మస్ తాత అసలు పేరు నికోలస్



క్రిస్మస్ తాత ఏం తెస్తాడని మీ పిల్లలు అడుగుతున్నారా? అయితే వారికి ఈ కథ చెప్పండి.

4వ శతాబ్దంలో, నేటి తుర్కియేలో ఉన్న మైరా పట్టణానికి నికోలస్ బిషప్. కట్నం ఇచ్చుకోలేని ఒక పేద తండ్రి, ముగ్గురు కూతుళ్లను అమ్ముకోవాల్సిన స్థితికి వచ్చాడట. నికోలస్ రాత్రిపూట వాళ్ల కిటికీలోంచి బంగారు నాణేల మూట వేశారట. అలా ఒక్కో కూతురికి ఒక్కోటి. మూడోసారి తండ్రి చూసేస్తే, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారట.

ఆయన పండుగ డిసెంబర్ 6న. డచ్ వాళ్లు ఆయన్ను సింటర్‌క్లాస్ అన్నారు. అమెరికాలో అదే శాంటాక్లాజ్ అయింది.

ఈసారి మీ పిల్లలకు బహుమతి కొనండి. వాళ్ల చేత మరొకరికి, పేరు చెప్పకుండా, ఒకటి ఇప్పించండి.