హెపారిన్‌కు దారి చూపిన మెక్‌లీన్.. ఆయన చూడని ముప్పు

గుండెపోటు వచ్చినవారిని అద్దంకి నుంచి ఒంగోలుకో, గుంటూరుకో హుటాహుటిన తీసుకెళ్తే అక్కడ చేసే తొలి వైద్యంలో హెపారిన్ ఇంజెక్షన్ తరచూ ఉంటుంది. కాలి సిరలో రక్తం గడ్డకట్టినా, బైపాస్ సర్జరీ చేసినా, డయాలసిస్‌లోనూ దీన్నే వాడతారు. ఈ మందుకు బాట వేసింది ఓ వైద్య విద్యార్థి. పేరు జే మెక్‌లీన్.

ఆయన 1890లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. 1906 భూకంపం కుటుంబాన్ని బాగా దెబ్బతీసింది. చదువుకు ఇంట్లో డబ్బు లేకపోవటంతో బంగారు గనిలో, చమురు బావుల దగ్గర పనిచేసి కూడబెట్టుకున్నారు. 1915లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాలకు చేరుకున్నారు.

అక్కడ ప్రొఫెసర్ విలియం హోవెల్ ఆయనకో పని అప్పగించారు. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాన్ని మెదడు కణజాలం నుంచి శుద్ధిచేసి చూడాలి. మెక్‌లీన్ గుండె, కాలేయం నుంచి తీసిన సారాలనూ పరీక్షించారు. కాలేయం సారం తీరు విచిత్రంగా తోచింది. అది రక్తాన్ని గడ్డకట్టించకపోగా, గడ్డకట్టకుండా ఆపుతోంది! హోవెల్ మొదట నమ్మలేదు. పిల్లి రక్తంలో ఆ సారం కలిపి ఎదుట పెడితే అది గడ్డకట్టనే లేదు. 1916లో ఈ ఫలితం అచ్చయింది. తర్వాత హోవెల్ బృందం కాలేయం నుంచి తీసిన ఇలాంటి పదార్థానికి 1918లో హెపారిన్ అని పేరు పెట్టింది. గ్రీకు భాషలో హెపార్ అంటే కాలేయం. మెక్‌లీన్ చూసిన పదార్థం, ఇప్పటి హెపారిన్ ఒకటి కాదని తర్వాత తేలినా తొలి ఆనవాలు పట్టింది మాత్రం ఆయనే. ఇన్సులిన్ పరిశోధనతో పేరొందిన ఛార్లెస్ బెస్ట్ బృందం 1930లలో టొరంటోలో హెపారిన్‌ను మనుషులకు వాడేంత శుద్ధంగా తయారుచేసింది. తన పాత్రకు గుర్తింపు కోసం మెక్‌లీన్ చాలాకాలం తపించారు. 1957లో కన్నుమూశారు.

ఆ మరుసటి ఏడాదే ఇద్దరు అమెరికా సర్జన్లు ఓ వింత విషయం వెల్లడించారు. హెపారిన్ తీసుకుంటున్న పదిమందికి ధమనుల్లో కొత్తగా గడ్డలు ఏర్పడ్డాయి. గడ్డలను ఆపాల్సిన మందే గడ్డలకు కారణమైందన్నమాట! దీనికి ప్లేట్‌లెట్లతో సంబంధముందని 1970లలో బయటపడింది.

జరిగేదేమిటంటే- ప్లేట్‌లెట్లు విడుదల చేసే ఓ ప్రొటీన్‌తో హెపారిన్ జతకడుతుంది. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ ఈ జంటను శత్రువుగా భావించి యాంటీబాడీలను పుట్టిస్తుంది. ఇవి ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి గుంపు కట్టిస్తాయి. దీంతో ఒకపక్క వాటి సంఖ్య పడిపోతుంది, మరోపక్క గడ్డలు ఏర్పడతాయి. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తస్రావమవుతుందని భయపడతాం. ఇక్కడ అసలు భయం గడ్డలతోనే.

ఇది అందరికీ వచ్చేది కాదు. కాబట్టి భయపడి హెపారిన్ వద్దనటం తగదు. కొన్ని విషయాలు గుర్తుంచుకుంటే చాలు.

* సాధారణంగా మందు మొదలెట్టిన 5-10 రోజుల్లో ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతాయి. గత మూడు నెలల్లో హెపారిన్ తీసుకొని ఉంటే ఒక్క రోజులోనే తగ్గొచ్చు. ముందు 3 లక్షలున్నవి 1.4 లక్షలకు దిగినా అనుమానించాల్సిందే.

* కాలు వాపు, ఆయాసం, ఛాతీనొప్పి, మాట తడబడటం, సూది గుచ్చినచోట చర్మం నల్లబడటం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఇంటికొచ్చాక కనిపించినా ఆలస్యం చేయొద్దు.

* సమస్య ఉందని అనుమానిస్తే డాక్టర్లు హెపారిన్‌ను పూర్తిగా ఆపి, అర్గాట్రోబాన్, ఫోండాపారినక్స్ వంటి వేరే మందులిస్తారు. ప్లేట్‌లెట్లు ఎక్కించమని కుటుంబసభ్యులు పట్టుబట్టొద్దు. తీవ్ర రక్తస్రావం లేనప్పుడు ఎక్కిస్తే గడ్డల ముప్పు పెరగొచ్చు.

* ఒకసారి ఈ సమస్య వచ్చిందని తేలితే హెపారిన్ పడదని రాసిన కాగితాన్ని ఎప్పుడూ దగ్గరుంచుకోవాలి. ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు దాన్నే చూపించాలి.