వోల్టుకు పేరిచ్చిన పెద్దమనిషి



అగళి, మడకశిర వైపు పల్లెల్లో వోల్టేజీ అనే మాట తెలియని ఇల్లు ఉండదు. బోరు మోటారు స్టార్టరు దగ్గర నిలబడే రైతుకు అది తెలుసు. ఫ్రిజ్ పక్కన స్టెబిలైజర్ పెట్టుకున్న ఇల్లాలికి తెలుసు. సెల్లు, చిన్న బల్బు, నాలుగు తీగలు ముందేసుకుని కూర్చునే మీ పిల్లవాడికీ తెలుసు. అయితే ఆ సెల్లు మీద కనిపించే వోల్టు అనే మాట ఒక మనిషి పేరు నుండి వచ్చిందని ఎంతమందికి తెలుసు? ఆయన అలెస్సాండ్రో వోల్టా. గొప్ప శాస్త్రవేత్త, భక్తిగల కతోలిక గృహస్థుడు.

ఉత్తర ఇటలీలో సరస్సు ఒడ్డున ఉన్న కోమో పట్టణంలో 1745 ఫిబ్రవరి 18న ఆయన జన్మించారు. తండ్రి ఫిలిప్పో యౌవనంలో కొన్నేళ్లు యేసుసభలో ఉండి బయటికి వచ్చినవారు. తండ్రి తోడబుట్టినవారిలో ముగ్గురు గురుజీవితాన్ని ఎన్నుకున్నారు. అటువంటి ఇంట్లో పుట్టిన బిడ్డకు నాలుగేళ్లు వచ్చినా మాటలు రాలేదు. మూగవాడేమోనని ఇంటివారు బెంగపెట్టుకున్నారు. ఆ తర్వాత మాట వచ్చింది. ఏడేళ్లకల్లా చదువులో తోటివారిని మించిపోయాడు. అంతలోనే తండ్రి కన్నుమూశారు. బంధువులైన గురువులే ఆ పిల్లవాడి బాధ్యత తీసుకుని యేసుసభవారి బడిలో చదివించారు.

వకీలు కావాలని పెద్దల కోరిక. పిల్లవాడి మనసు మాత్రం విద్యుత్తు మీద. గత్తోని అనే స్నేహితుడు తన పరికరాలను ఇచ్చి ప్రయోగాలు చేసుకోనిచ్చాడు. విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే వోల్టా 1774లో కోమో పాఠశాలలో ఉద్యోగంలో చేరారు. మజ్జోరె సరస్సు అంచున బురదలోంచి వచ్చే బుడగలను 1776లో పట్టి పరీక్షించి, అది మండే వాయువు అని చూపారు. మన గోబర్ గ్యాసులో మండేదీ ఆ మీథేనే. 1778లో పావియా విశ్వవిద్యాలయం ఆయనను ఆచార్యునిగా పిలిచింది.

ఇక అసలు సంగతికి వద్దాం. బొలోన్యా నగరంలో లుయిజి గాల్వాని అనే వైద్యుడు ఉండేవారు. ఆయన కూడా దైవభక్తుడే. కోసిన కప్ప కాలికి రెండు రకాల లోహాలు తగిలిస్తే కాలు కదలడం చూసి, విద్యుత్తు జీవిలోనే ఉందని 1791లో ప్రకటించారు. వోల్టా మొదట సరేనన్నారు. తానే ప్రయోగం చేసి చూశాక, విద్యుత్తు కప్పలో లేదని, రెండు లోహాల కలయికలో ఉందని వాదించారు. ఐరోపా పండితులు రెండు పక్షాలయ్యారు. ఏళ్ల తరబడి సాగిన ఆ వాదంలో కూడా వోల్టా గాల్వాని ప్రతిభను గౌరవించారు.

వాదన తేలాలంటే కప్ప లేకుండా విద్యుత్తు పుట్టించాలి. వోల్టా వెండి బిళ్ల, తుత్తునాగం బిళ్ల, ఉప్పునీటిలో తడిపిన అట్టముక్క – ఈ వరుసలో ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఒక్క జత ఇచ్చేది ఒక వోల్టులోపే. అవే జతలు పదులకొద్దీ చేరేసరికి ముట్టుకున్న చేతులు జిల్లుమన్నాయి. 1800 మార్చి 20న లండన్ రాయల్ సొసైటీకి ఆ విషయం రాశారు. అదే లోకంలో మొదటి బ్యాటరీ. అప్పటిదాకా విద్యుత్తు అంటే క్షణంలో మెరిసి పోయే నిప్పురవ్వ. ఇప్పుడది కాలువలా పారింది. 1801లో పారిస్‌లో నెపోలియన్ ఆ ప్రయోగాన్ని కళ్లారా చూసి ఆయనను సన్మానించాడు.

కాని, ఆ మొదటి బ్యాటరీకే ఒక లోపం ఉంది. అట్టలు ఆరేకొద్దీ బలం తగ్గిపోయేది. నేటికీ అంతే. మీ పిల్లవాడు కొన్న 9 వోల్టుల బ్యాటరీ వాడేకొద్దీ 8కి, 7కి దిగుతుంది. వాడు చేసే సర్క్యూట్‌కు కదలని 5 వోల్టులు కావాలి. అందుకే 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ పెడతారు. సుమారు 7 వోల్టులకు తగ్గకుండా లోపలికి వస్తే, అది 5 మాత్రమే బయటికి పంపి, మిగిలినదాన్ని వేడిగా వదిలేస్తుంది. అందుకే దాని వీపుకు లోహపు రేకు బిగిస్తారు. బ్యాటరీ మరీ నీరసించిపోతే రెగ్యులేటర్ ఏమీ చేయలేదు. లేని శక్తిని అది పుట్టించలేదు. తల్లిదండ్రులారా, పిల్లలను సెల్లులతో ఆడుకోనివ్వండి. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల జోలికి మాత్రం పోనివ్వకండి.

వోల్టా జీవితంలోనూ ఎత్తుపల్లాలు వచ్చాయి. ఫ్రెంచివారు, ఆస్ట్రియావారు వంతులవారీగా ఏలిన ఆ రోజుల్లో ఒకసారి ఉద్యోగం పోయింది, మళ్లీ వచ్చింది. 1814లో ఎదిగిన కొడుకు ఫ్లమీనియో చనిపోయాడు. ఇంత చదివినవాడు లోకం కోసమే గుడికి వెళ్తున్నాడని కొందరు గుసగుసలాడారు. ఆ మాట చెవినబడి 1815లో ఆయన తన విశ్వాసాన్ని కాగితం మీద పెట్టారు. తన మతాన్ని వ్యతిరేకించే పుస్తకాలను కూడా చదివి, తర్కించి చూసి, ఆ మీదటే నిలిచానని, సువార్తను గూర్చి సిగ్గుపడనని అందులో తెలిపారు. అది మాటతో ఆగలేదు. తన విచారణలో పిల్లలకు సత్యోపదేశం నేర్పిన ఆచార్యుడాయన.

1827 మార్చి 5న, 82వ ఏట, కోమోలోనే కన్నుమూశారు. 1881లో పారిస్‌లో చేరిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ ఆయన పేరిట వోల్టును కొలమానంగా నిర్ణయించింది. ఇంతకీ ఆ వాదంలో గెలిచిందెవరు? జీవుల నరాల్లో విద్యుత్తు ఉందన్న గాల్వాని మాట కూడా నిజమేనని తర్వాతివారు కనుగొన్నారు. బ్యాటరీ శక్తి లోహాలు తాకినంత మాత్రాన రాదని, రసాయన చర్య వల్ల వస్తుందని తేలింది. ఇద్దరికీ సత్యంలో కొంత భాగమే దొరికింది. ఇద్దరి పేర్లూ నేడు మన ఇళ్లలో ఉన్నాయి: ఒకటి సెల్లు మీద, మరొకటి గాల్వనైజ్డ్ బకెట్టులో.

ఈ ఆదివారం మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. మీ ఇంట్లోనో పొరుగింట్లోనో మాటలు ఆలస్యమైన బిడ్డ ఉంటే ఆ తల్లికి కూడా చెప్పండి. బిడ్డను డాక్టరుకు చూపించమనండి, ఆశ మాత్రం వదులుకోవద్దనండి.