ఎఫ్.ఏ.కీ బి.ఏ.కీ మధ్య పదేళ్లు

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. అది గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వాడుక భాష కోసం పోరాడిన పెద్దాయనగా ఆయన ఫొటోకి దండ వేస్తాం. ఆయన ముప్పై ఏళ్లు టీచరుగా పనిచేశారని, ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా డిగ్రీ తెచ్చుకున్నారని మాత్రం అంతగా చెప్పుకోం. టీచరుగా నాకు బాగా నచ్చేది ఆ భాగమే.

రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విశాఖపట్నంలో మేనమామ గారింట్లో ఉండి చదువుకుని 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. అదే ఏడు పెళ్లి. మరుసటి ఏడాది, 1880లో, పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో ఫస్ట్ ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. అప్పటికి పదిహేడేళ్లు. ఇల్లు గడవాలి కాబట్టి కాలేజీకి వెళ్లే వీలు లేదు. పగలు పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో తన చదువు చదువుకుంటూ 1886లో ఎఫ్.ఏ. అయ్యారు. అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది. బి.ఏ. పూర్తయ్యేసరికి 1896 వచ్చింది. చరిత్ర ప్రధాన సబ్జెక్టు, దాంట్లో మొదటి తరగతి.

పేరెంట్స్ మీటింగుల్లో టీచర్ల క్వాలిఫికేషన్ గురించి అడుగుతుంటారు. అడగాల్సిందే. ఆ లెక్కన చూస్తే రామమూర్తి గారివి పదహారేళ్ల ఆలస్యం తర్వాత వచ్చిన రెండు సర్టిఫికెట్లు. కానీ ఆ మధ్య కాలంలో ఆయన చదువు సిలబస్‌తో ఆగలేదు.

పర్లాకిమిడికి దగ్గర్లో, వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం గుళ్లున్నాయి. గోడల నిండా పాత లిపుల్లో శాసనాలు. చరిత్ర మాస్టారు ఆ లిపులు ఎవరి దగ్గరా చేరకుండా తనకు తానే నేర్చుకుని చదవడం మొదలుపెట్టారు. గాంగ రాజుల కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. ఇండియన్ ఆంటిక్వెరీ లాంటి పత్రికల్లో ఇంగ్లీషులో వ్యాసాలు రాశారు. పుస్తకంలో ఉన్న చరిత్రను పిల్లలకు అప్పజెప్పే మాస్టారు, చరిత్రను రాళ్ల మీద నుంచి చదివే మనిషయ్యారు. అక్కడితో ఆగినా పేరున్న చరిత్రకారుడిగా మిగిలేవారు.

డిగ్రీ వల్ల నేరుగా లాభమూ కలిగింది. స్కూలు కాలేజీ అయ్యాక ఆయనకు కాలేజీ తరగతులు చెప్పే అవకాశం వచ్చింది. మామూలుగా అయితే ఇక చూపు పైతరగతుల మీదే ఉండాలి. ఆయన మాత్రం అసలు బడికే రాని పిల్లల వైపు చూశారు. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో ఉండే సవరలకు చదువు చెప్పాలంటే ముందు తనకు వాళ్ల భాష రావాలి. అది తెలుగుతో ఏ చుట్టరికమూ లేని ముండా కుటుంబపు భాష. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒకాయనను ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, టీచర్లకు జీతాలిచ్చి, వాళ్ల భాషలోనే పాఠాలు చెప్పించారు. కొండల్లో తిరిగినప్పుడు మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ చెవులను దెబ్బతీసింది. మాటల శబ్దాలను పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెముడు! ఆయన పని మాత్రం మానలేదు.

1906లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత తేడా ఎందుకని ఆయన అడిగారు. రామమూర్తి గారికి ఈ ప్రశ్న కొత్త కాదు. సవర పిల్లలకు వర్తించింది తెలుగు పిల్లలకు ఎందుకు వర్తించదు? వాడుక మాటలు తప్పులని పండితులంటే, పాత శాసనాల్లో, పాత వచన పుస్తకాల్లో ఆ రూపాలే ఉన్నాయని ఎత్తి చూపించారు. డిగ్రీ చదివే రోజుల్లో ముఖలింగం గోడల దగ్గర అలవడిన పద్ధతి ఇలా పనికొచ్చింది. విశాఖలో ప్రిన్సిపల్‌గా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు గారు కలిసొచ్చారు. 1911లో ఉద్యోగం నుంచి రిటైరైనా వాదం ఆపలేదు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికే పెట్టారు.

నేను ఇంగ్లీష్ మీడియంలో పాఠం చెప్పే టీచర్ని కాబట్టి ఒక మాట. రామమూర్తి గారు ఇంగ్లీషుకి శత్రువు కారు. ఆయన సవర వ్యాకరణం రాసింది ఇంగ్లీషులోనే. పిల్లవాడు పాఠాన్ని బట్టీ పట్టాడా, తన మాటల్లో చెప్పగలుగుతున్నాడా అన్నదే ఆయన పట్టింపు. ఇంటికొచ్చిన పిల్లల్ని ఈ రోజు సైన్సులో ఏం చెప్పారని అడిగి, జవాబు తెలుగులో చెప్పించుకుని చూడండి. మార్కుల షీటులో కనిపించనిది అక్కడ తెలుస్తుంది.

ఆ సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. అలా కలపకూడదని ఎంతో పోరాడిన రామమూర్తి గారు, అర్ధశతాబ్దం పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1938లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, సవర-ఇంగ్లీషు నిఘంటువు పూర్తి చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.