సయ్యద్ అబ్దుల్ రహీము

పూతలపట్టు వంటి పల్లెలలో సైతము బడి విడిచిన పిమ్మట బాలురు బంతిని తన్నుచు పరుగులిడుట మనము చూచుచునే యున్నాము. బంతి దొరకిన బాలుడు దానిని విడువక తానే గోలు వైపునకు కొనిపోవ జూచును. తోడివాడు దాపుననే నిలిచి పిలిచినను వినడు. ఫుట్‌బాలు ఆటలోని రహస్యము బంతిని తనయొద్ద నుంచుకొనుటలో గాక, తగిన సమయమున తోడివాని కందించుటలో నున్నదని మన దేశమునకు నేర్పినవాడు ఒక బడిపంతులు. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీము.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. బాల్యమునుండియు ఆయనకు చదువునందెంత ఆసక్తియో, ఆటలయందంత ప్రీతి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొను దినములలో విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు జట్టున ఆడి పేరొందెను. పట్టము పుచ్చుకొనిన పిదప కాచిగూడలోని మాధ్యమిక పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. అనంతరము వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, పాఠశాలలలో బాలురకు ఆటలు నేర్పు బాధ్యతను వహించెను. నల్లబల్లయెదుట పాఠము చెప్పుటకును, మైదానమున ఆట నేర్పుటకును ఆయన భేదమెంచలేదు. రెంటియందును శిష్యుని లోపమును కనిపెట్టి, ఓర్పుతో దానిని సవరించుటయే గురువు పని యని ఆయన నమ్మకము.

1940 దశకమున రహీము హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను. కడవరకును ఆ పదవిని విడువలేదు. ఆ కాలమున కలకత్తా నగరమే మన దేశపు ఫుట్‌బాలునకు రాజధాని. అచ్చటి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి జట్లకు ధనబలమును, జనబలమును మెండు. హైదరాబాదులో నున్నది నగర పోలీసు జట్టు. అందలి ఆటగాండ్రు పోలీసు ఉద్యోగులు. ఆటయే వారికి జీవనము కాదు. అట్టి జట్టును రహీము 1950లో తన చేతిలోనికి తీసికొనెను.

ఆయన శిక్షణ విధానము విలక్షణమైనది. బంతిని కాళ్ళయొద్దనే యుంచుకొని ఎదిరిని ఏమార్చుచు పోవుట నిషేధించి పోటీలు నడపెను. అట్టి పోటీలో బంతి అందినవాడు వెంటనే తోడివాని కందింపవలెను, లేనిచో తప్పు. అందువలన బాలురకు తలయెత్తి నలుదెసలు చూచుట అలవాటయ్యెను. మరియొక పోటీలో వాటముకాని కాలితోనే బంతిని తన్నవలెను. కుడికాలు వాటముగల బాలుడు ఎడమకాలితో తన్నబోయి తొట్రుపడుచుండ తోడివారు నవ్వెడివారు. కాని కొన్ని మాసములు గడచుసరికి వానికి రెండు కాళ్ళును సమానముగా వశమయ్యెడివి. పొట్టివారికని ఎత్తును పరిమితముచేసి వేరుగా పోటీలు పెట్టెను. శరీరము చిన్నదైనంతమాత్రమున ప్రతిభ చిన్నది కాదని ఆయన యెఱుగును.

ఈ కృషికి ఫలము శీఘ్రముగానే లభించెను. 1950లో డ్యూరాండు కప్పు తుదిపోటీలో హైదరాబాదు పోలీసు జట్టు మోహన్ బగానును ఎదుర్కొనెను. మొదటినాడు ఇరుపక్షములు చెరి రెండు గోళ్లు చేసి సమముగా నిలిచెను. మరల జరిగిన పోటీలో హైదరాబాదు జట్టు ఒక గోలుతో గెలిచి దేశము నాశ్చర్యపఱచెను. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు ఆ జట్టే గెలుచుకొనెను. 1956-57, 1957-58 సంవత్సరములలో సంతోష్ ట్రోఫీయు హైదరాబాదునకే దక్కెను. అజీజ్, నూర్ మహమ్మదు, జుల్ఫికారుద్దీను, తులసీదాస్ బలరాం మొదలగువారు ఆయన తీర్చిదిద్దిన మేటి ఆటగాండ్రు. వీరిలో బలరాం సికిందరాబాదు చెంతనున్న పేదకుటుంబమువాడు. అట్టివానిలోని నేర్పును గుర్తించి దగ్గరకు తీసిన చూపు రహీముది.

భారత జాతీయ జట్టునకు శిక్షకుడై రహీము సాధించిన మొదటి విజయము 1951 నాటిది. ఆ యేడు న్యూఢిల్లీలో తొలిసారిగా జరిగిన ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకము గెలుచుకొనెను. కాని మరుసటి యేడే గర్వభంగమయ్యెను. 1952లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. అచటి చలికి మనవారు అలవాటుపడినవారు కారు. కొందరు బూట్లు లేకయే ఆడిరి. యుగోస్లావియా జట్టు పది గోళ్లు చేయగా మనకు దక్కినది ఒక్కటే. ఇట్టి పరాజయమునకు మరియొకడైనచో కృంగిపోయెడివాడే. రహీము దానిని పాఠముగా గ్రహించెను. పాతపద్ధతులు మార్చనిదే ప్రపంచమునెదుట నిలువజాలమని తెలిసికొని, ఐరోపా దేశముల ఆటతీరును శ్రద్ధతో పరిశీలించెను. బూట్లతో ఆడుటయు, వరుసలలోని బాధ్యతలను ఎఱిగి ఆడుటయు మనవారికి అలవఱచెను.

నాలుగేండ్లలో ఫలితము కనబడెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో భారతజట్టు ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4-2 గోళ్లతో ఓడించెను. ఆ పోటీలో నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేసెను. సెమీఫైనలులో మొదటి గోలు మనదే యయ్యును, యుగోస్లావియా 4-1 తో గెలిచెను. కంచుపతకపు పోటీలో బల్గేరియా చేతిలో ఓడి మన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఒక ఆసియా జట్టు సెమీఫైనలు చేరుట అదియే ప్రథమము. 1960లో రోము నగరమునందు మేటిజట్టగు హంగేరీతో మనవారు 2-1 తేడాతో మాత్రమే ఓడిరి; ఫ్రాన్సుతో సమముగా నిలిచిరి.

రహీము జీవితమునందలి కడపటి మహాకార్యము 1962లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలు. అప్పటికే ఆయన ఆరోగ్యము క్షీణించుచుండెను. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా మనలను రెండు గోళ్లతో ఓడించెను. థాయిలాండుతో జరిగిన పోటీలో జట్టు వెన్నెముక వంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. గోలు కాయవలసిన తంగరాజు జ్వరముతో మంచము పట్టెను. ఇజ్రాయెలు, తైవాను జట్లను రానీయకుండుటను భారతీయ క్రీడాధికారి యొకరు విమర్శించుటచే అచటి ప్రజలు మన దేశముపై ఆగ్రహించియుండిరి. మైదానమున మనవారికి ఎదురైనది స్వాగతము కాదు, కేకలు, హేళనలు.

ఇట్టి స్థితిలో రహీము ధైర్యముతో ఒక నిర్ణయము గైకొనెను. వెనుక వరుసలో ఆడు జర్నైలును, తలకు కట్టుతోనే, ముందు వరుసకు పంపెను. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై 3-2 గోళ్లతో గెలుపు సిద్ధించెను. తుదిపోటీ మరల దక్షిణ కొరియాతోనే. ఆ పోటీకి ముందు రహీము తన శిష్యులను చేరబిలిచి, మరునాడు తనకు స్వర్ణపతకమును కానుకగా ఇండని కోరెనని వారు తరువాత చెప్పుకొనిరి. సెప్టెంబరు 4వ తేదీన దాదాపు లక్షమంది ప్రేక్షకుల నడుమ పోటీ జరిగెను. మొదట పి.కె. బెనర్జీ, వెంటనే జర్నైల్ సింగు గోళ్లు చేసిరి. జ్వరమునుండి కోలుకొనిన తంగరాజు గోలు కాచెను. కొరియావారు చివరలో ఒక గోలు చేసినను, 2-1 తో విజయము భారతదేశమునదే యయ్యెను. శిష్యులు గురువు కోరిన కానుక నిచ్చిరి.

ఆ ఆనందము ఎంతోకాలము నిలువలేదు. క్యాన్సరు వ్యాధి ముదిరి 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన రహీము పరమపదించెను. జకార్తా విజయము జరిగి అప్పటికి తొమ్మిది మాసములు మాత్రమే. ఆ తరువాత మన జట్టు 1970లో ఆసియా క్రీడల కంచుపతకము గెలిచినను, స్వర్ణము మరల దక్కలేదు. ఒలింపిక్ ఫుట్‌బాలు పోటీలలో 1960 తరువాత ఆడనేలేదు. ఒక్క మనుష్యుని లోటు ఎంత పెద్దదో ఇందువలన తెలియుచున్నది.

రహీము ధనవంతుడు కాడు. అధికారబలము కలవాడు కాడు. పేదబాలురను చేరదీసి, వారి బలహీనమైన కాలిని బలమైన కాలితో సమానము చేసెను. ఓటమిని గెలుపునకు మెట్టుగా మలచెను. తన కీర్తికంటె జట్టు గెలుపు గొప్పదని తలచువాడే మంచి ఆటగాడు. బంతిని తోడివాని కందించుటయందు ఈ నీతి యంతయు ఇమిడియున్నది. మైదానమున దీనిని నేర్చుకొనిన బాలుడు జీవితమునందును తోడివారిని మఱువడు.