గోరాగారి జీవితము

కృష్ణాతీరమున గోరా యను పేర ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు 1902 నవంబరు 15వ తేదీన గంజాము ప్రాంతమందలి ఛత్రపురమున, ఆచారనిష్ఠ గల బ్రాహ్మణకుటుంబమున జన్మించిరి. చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టము నొంది, మధుర, కొలంబో మొదలగు చోట్ల అధ్యాపకులుగ నుండిరి. మధురలో క్రైస్తవమతము స్వీకరించినచో అమెరికాకు పంపి చదివింతుమనిన నొల్లరైరి. పిమ్మట యజ్ఞోపవీతమును విసర్జింపగా తమవారే వెలివేసిరి.

ఆయనది నాస్తికత్వము. ఈశ్వరుని నమ్మువారమగు మేము దానితో నేకీభవింపము. అయినను ఆయన చరిత్రము మావంటివారే ముఖ్యముగ చదువదగినది. ఏలయన, 1933లో ఆయన కొలువు పోయినది కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాలలో. రఘుపతి వేంకటరత్నముగారు అధ్యక్షులై తీర్చిదిద్దిన విద్యాలయమది. నాటికి ఆయన యచ్చట పని విరమించి చాలకాలమైన మాట నిజమే. కాని విగ్రహారాధనను, కులభేదమును నిరసించి లోకనింద కోర్చిన బ్రహ్మసామాజికుల పేరు ఆ కళాశాలతో పెనవైచుకొని యున్నది. అట్టిచోట మఱియొకని మాటకు తావు లేకపోయెను.

మచిలీపట్టణపు హిందూ కళాశాలలోను నట్లే జరిగెను. 1939లో కళాశాల పత్రికయందు దేవుడను భావమును గూర్చి వారు వ్రాసిన వ్యాసమే అందులకు కారణము.

వకీళ్లము గావున ఇచ్చట నొకమాట చెప్పవలసియున్నది. లాహోరులో 'రంగీలా రసూల్' ప్రకాశకుడు హైకోర్టున విడుదల కాగా రేగిన అలజడి వలన 1927లో శిక్షాస్మృతియందు 295-ఎ సెక్షను చేరెను. దాని క్రింద శిక్షింపవలెనన్న బుద్ధిపూర్వకమైన ద్వేషోద్దేశము ఋజువు కావలెను. ముద్దాయికి వకీలు కలడు, అప్పీలు కలదు. గోరాగారి విషయమున ఆ సెక్షనుతో పనియే లేకపోయెను. కళాశాలవారి యుత్తరువు చాలెను. అట్టి కాగితమునకు సాక్షి యక్కఱలేదు, ఋజువక్కఱలేదు; పోవునది మాత్రము నెలజీతము, ఇంట భార్యాబిడ్డల కూడు. ఆ సెక్షనే 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 299గా నిలిచియున్నది. దానిని గూర్చి వాదించువారు పెక్కురు గలరు; కొలువు తీసి నోరు మూయించు పద్ధతిని గూర్చి వాదించువారు అరుదు.

ఉయ్యూరునకు చేరువనున్న ముదునూరు గ్రామస్థులు పిలువగా, 1940 ఆగస్టు 10వ తేదీన సతీమణి సరస్వతిగారితో గూడ నచ్చట నాస్తిక కేంద్రమును నెలకొల్పిరి. జీతము లేదు, ఊరివారి యాదరణయే యాధారము. వయోజనులకు చదువు, సకలకులముల వారికి సహపంక్తి భోజనము, గ్రహణవేళ గర్భిణులకు కీడు లేదని చూపుట అక్కడి పనులు. 1942 ఉద్యమమున చెఱసాలకేగిరి. 1947లో కేంద్రము విజయవాడకు మారెను.

1944 మొదలుగ సేవాగ్రామమున మహాత్మా గాంధిగారితో పలుమారు సంభాషించిరి. గాంధిగారు రామనామపరాయణులు. అయినను ఈ నాస్తికుని మాటను ఓపికతో విని, వారి పెద్దకుమార్తెను హరిజన యువకునకిచ్చి చేయు వివాహమును ఆశ్రమమున తామే జరిపింప నొప్పుకొనిరి. ప్రమాణమున దైవనామమునకు బదులు సత్యమను పదముంచుటకు సమ్మతించిరి. కళాశాలలు చేయలేని పని అది. 1948 జనవరిలో మహాత్ములు హతులైరి. ఆ వివాహము మార్చి మాసమున సేవాగ్రామముననే జరిగెను.

1972లో విజయవాడయందు ప్రపంచ నాస్తిక మహాసభను జరిపిరి. 1975 జూలై 26వ తేదీన అదే పట్టణమున నొక సభయందు ఉపన్యసించుచుండగనే గోరాగారు ప్రాణములు విడిచిరి.